ఇప్పచెట్ల కింద ఆకు

నెమలి మా అడవికి ఎమ్మెల్యే. ఇప్పచెట్ల కింద నిప్పు పెట్టకూడదని చట్టం చేయించి, మూడు రోజులు పురి విప్పే తిరిగింది.

"రాలిన ఆకు కాల్చకపోతే ఏరుకు తినే పువ్వు మాకెలా కనబడుతుంది? రేపు కాల్చేస్తాం," అన్నాయి ఎలుగులు.

ఆ ఆకుల్లోనే కౌజుపిట్ట గుడ్లు పొదుగుతోంది.

"చట్టం ఉందిగా, భయమెందుకమ్మా?" అంది నెమలి.

"ఎలుగులకు చదువు రాదు కదయ్యా," అంది కౌజుపిట్ట.

నెమలి మర్నాటి నుంచి పొద్దు పొడవకముందే వచ్చి, కౌజుపిట్ట గూడు వదిలి మిగతా ఆకంతా తోకతో ఊడ్చింది. ఎలుగులు శుభ్రంగా ఏరుకు తిన్నాయి. గుడ్లు పిల్లలయ్యాయి. తోక అరిగి నాలుగు పుల్లలు మిగిలాయి.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. తోకలేని నెమలిని గెలిపిస్తే అడవి పరువు పోతుందని ఎలుగులు అంటున్నాయి. కౌజుపిట్ట ఓటు వేసేదేనట గాని, పిల్లలతో తీరిక లేదట.