మాస్టారి సొంత బొమ్మలు

“గది తెరవద్దని మరీమరీ చెప్పి వెళ్ళారండీ,” అంది డ్రాయింగు మాస్టారి భార్య, తలుపుకి అడ్డంగా నిలబడి.

“తెరవకపోతే ఈ ప్రదర్శనలో మాస్టారికి చోటు లేదమ్మా. ఇవాళే తేల్చెయ్యాలి. మాస్టారి కోసం అట్టేపెట్టిన గోడకి ఇంకొకాయన కాచుక్కూర్చున్నాడు,” అంది గ్యాలరీ ఆవిడ.

ఆవిడ మాట ఎప్పుడూ అంతే, కుండబద్దలు కొట్టినట్టుంటుంది. మాస్టారు గీసిన పెద్దమనుషుల బొమ్మలన్నీ చూసి, “ఫొటోకి రంగులేశారు. ఇందులో మీరెక్కడ?” అని మొహం మీదే అనేసింది. పాపం, మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి ఫొటోలన్నీ అటకెక్కించేశారు. బడి నుంచి రావడం, గదిలో దూరి తలుపేసుకోవడం, తెలిసినవాళ్ళ మొహాలు గుర్తున్నంత మేరకు వెయ్యడం. అదే లోకం.

అంత కష్టమూ తన మూలంగా బూడిదలో పోసినట్టవుతుందేమోనని ఇల్లాలికి భయం వేసింది. తిడితే తిట్టారులే అనుకుని తలుపు తోసింది.

కాన్వాసులు వేసిన వరసలోనే గోడకి ఆనించి ఉన్నాయి. మొదటిది జుట్టు కత్తిరించే ఆయన. నవ్వితే పైకి లేచే బుగ్గలతో సహా మనిషిని దించేశారు. ఆ పక్కన ఎదురింటి నర్సు. బొమ్మకి ఎడమ వైపు చెవి లేదు. తర్వాత బస్సు డ్రైవరు. అటు వైపు చెంప కూడా లేదు. ఆ తర్వాత మాస్టారి అక్కగారు. అటు కన్నే లేదు. చివర ఈజిల్ స్టాండు మీద ఉన్నది ఇల్లాలి బొమ్మే. నుదుటి మధ్య నుంచి గడ్డం దాకా కత్తితో కోసినట్టు కుడి సగం ఉంది. ఎడమ సగం వట్టి తెల్లగుడ్డ.

ఇల్లాలు ఒక్క అంగలో ఆ బొమ్మ దగ్గరకెళ్ళింది.

“అయ్యయ్యో! నన్నిలా సగానికి నరికేశారేంటండీ!”

గ్యాలరీ ఆవిడ బొమ్మలన్నీ మొదట్నుంచీ మళ్ళీ ఒకసారి చూసింది. అక్కడున్న స్టూలు మీద చతికిలబడింది. ఇల్లాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఒక్కో బొమ్మకీ ధైర్యం ఎలా పెరిగిందో చూడమ్మా. ముందు చెవి వదిలారు, తర్వాత చెంప, ఆ తర్వాత కన్ను. ఆఖరికి సగానికి సగం! ఎంత నిబ్బరముంటే చెయ్యి అక్కడ ఆగుతుంది?”

“మరి నా మొహమేం పాపం చేసిందట?”

“అర్ధాంగి అంటే సగమే కదమ్మా! మిగతా సగం ఆయన. ఇంకెలా చెప్పమంటావు?”

ఇల్లాలు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క ముచ్చటైన మాట అనని మనిషి, లోపల ఇంత దాచుకున్నాడా అని పొంగిపోయింది.

సరిగ్గా అప్పుడే మాస్టారు వచ్చారు. తెరిచి ఉన్న గది చూసి మొహం ఎర్రబడింది.

“తెరవద్దని నీకు చెప్పానా లేదా?”

“ఆవిణ్ణేమీ అనకండి మాస్టారూ, నేనే పోరుపెట్టాను,” అంది గ్యాలరీ ఆవిడ. “పెద్ద గోడంతా మీకే ఇస్తున్నా.”

మాస్టారి కోపం ఎటు పోయిందో పోయింది.

“నిజంగానా? వీటిల్లో... నేనున్నానా?”

“మీరు తప్ప ఇంకెవరూ లేరు. ఇలాంటి బొమ్మ నేనింతవరకూ చూళ్ళేదు. కానీ ఒక్కటి చెప్పండి, రేపు వచ్చినవాళ్ళంతా అడిగేదీ ఇదే. ఎడమ సగం ఖాళీగా వదిలెయ్యాలని మీకెలా తోచింది?”

మాస్టారు ఆవిడకేసి చూశారు. భార్యకేసి చూశారు. ఈజిల్ దగ్గరకెళ్ళి బొమ్మని వేలితో తడుముతూ పైనుంచి కిందదాకా పరకాయించారు. ఆ వేలు ముక్కు దాటి ఎడమకి పోలేదు. ఇద్దరూ కలిసి తనని ఆటపట్టిస్తున్నారనుకుని నవ్వేశారు.

“ఖాళీ ఏమిటండీ? రెండు కళ్ళూ, రెండు చెవులూ అన్నీ వేశానుగా!”