పాత ఖాతా పాయింట్లు

"కుక్కర్ తీసుకుందాం. ఇంకో మాట లేదు," అన్నాడతను, సూపర్‌మార్కెట్ కౌంటర్ మీద మోచేతులు ఆనించి.

"ఉంది," అంది అతని భార్య. "ఆ పై అరలోకి చూడు."

చూడాలంటే మెడ ఎత్తాలి. పొద్దుటి నుంచి చెప్పుల షాపులో ఊరందరి పాదాల ముందూ వంగి వంగి, అతని మెడ నిటారుగా ఉండటమే మరిచిపోయింది. ఆమె పరిస్థితీ అంతంతమాత్రమే. పసిపిల్లల బడిలో పాఠాలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. దానికి తోడు నాలుగో నెల. అయినా ఇంటి కిందే కిరాణా కొట్టుండగా, రెండు బస్సులు మారి ఈ షాపుకే రావాలని ఆమె పట్టు. ఉప్పు నిండుకున్నా ఇక్కడికే.

"త్వరగా తేల్చండి మేడమ్," అంది కౌంటర్ అమ్మాయి ఆవలింత ఆపుకుంటూ. "సరుకులు కొన్నందుకు చేరిన పాయింట్లన్నీ ఇవాళ్టితో మురిగిపోతాయి. బిల్లులో తగ్గించమంటే తగ్గిస్తాను గానీ అంత గిట్టదు. వస్తువు తీసుకుంటేనే లాభం."

"విన్నావా? లాభమట. అందుకే కుక్కర్. మనింట్లోది విజిల్ వైపు తప్ప అన్నివైపులా కూస్తోంది."

"కూయనీ. అన్నం ఉడుకుతోందిగా."

"పోనీ ఫ్యాన్?"

"కిటికీ ఉంది."

"అయితే దిండ్లు! ఇస్తే ఇక్కడే పడుకుంటాను."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూస్తే అతని కాళ్ళనొప్పి ఒక మెట్టు దిగుతుంది.

"నాకు ఆ తొట్టి కావాలి," అంది.

అతను మెడ ఎత్తక తప్పలేదు. నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి. పసిపిల్లలకు నీళ్ళు పోసేది.

"ఆలు లేదు, చూలు లేదు అన్నట్టుంది. సరే, ఆలూ ఉంది, చూలూ ఉంది. కానీ బిడ్డ రావడానికింకా ఐదు నెలలుందే!"

"ఉండనీ. ఇవాళే కావాలి."

"కుక్కర్ విలువ దానికి రెండింతలు. పెద్దవాళ్ళెవరినైనా అడుగు, ఏమంటారో!"

"ఎవరిని అడగను?"

అతను నాలుక కరుచుకున్నాడు. అడగడానికి ఆమెకున్నది తండ్రి ఒక్కడే. కూతురు తనకు నచ్చినవాణ్ణి చేసుకుందని, పెళ్ళినాటి నుంచి ఆయన మాట్లాడటం మానేశాడు. ఇద్దరి నంబర్లూ బ్లాక్ చేశాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. కడుపుతో ఉన్న సంగతి చెబుదామని మొన్న ఆమె పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి చేస్తే, "నాన్నా" అన్న మాట వినగానే పెట్టేశాడు. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

"సరే మహాతల్లీ, తొట్టే తీసుకుందాం," అన్నాడతను. "తండ్రికి తగ్గ కూతురివి."

కౌంటర్ అమ్మాయి నంబరు అడిగింది. ఎప్పటిలాగే ఆమే ముందుకు వంగి గబగబా చెప్పేసింది.

"అబ్బో, చాలా పాత ఖాతా మేడమ్!"

"పెళ్ళికి ముందుది."

"అదీ సంగతి!" అన్నాడతను. "మన ఉప్పూ పప్పులకు ఇన్ని పాయింట్లెలా వచ్చాయా అనుకుంటున్నాను."

"అయిపోయింది. మెసేజ్ వెళ్ళింది మేడమ్. ఏ వస్తువు తీసుకున్నారో కూడా అందులో ఉంటుంది," అంది కౌంటర్ అమ్మాయి.

"నీ ఫోన్ మోగలేదే?"

"సంచి అడుగున ఉంది. పద, బస్సు వెళ్ళిపోతుంది."

బస్సులో అదృష్టవశాత్తూ సీటు దొరికింది. తొట్టిని ఒళ్ళో పెట్టుకుని, అందులో తల దూర్చి పడుకోవచ్చా అని అతను ఆలోచిస్తున్నాడు. ఆమె మాత్రం ఫోన్ అరచేతిలో పెట్టుకుని, పాలు పొంగుతాయేమోనని గిన్నెను కనిపెట్టినట్టు దాన్నే చూస్తోంది.

"ఏంటలా చూస్తావు? తొట్టి వచ్చేసిందిగా. దిండ్లయితే ఈపాటికి నిద్రలో ఉండేవాణ్ణి."

రెండు స్టాపులు దాటాయి. ఆమె భుజం వాలింది. ఫోన్ సంచిలో పెట్టేయబోయింది.

అప్పుడు మోగింది.

తెర మీద పేరు చూడగానే అతని నిద్ర ఎగిరిపోయింది. నాన్న.

ఆమె స్పీకర్ నొక్కి, ఫోన్ ఇద్దరి మధ్యా పెట్టింది. అవతల ఒక దగ్గు. బరువు దించుకోలేక అలిసిపోయిన గొంతు.

"ఏమే, నా పాయింట్లతో తొట్టి తీసుకున్నట్టు మెసేజ్ వచ్చింది... నేను తాతనవుతున్నానా?"