లక్ష్మి పటమున్న సగం

"స్విచ్ వెయ్యంగనే ఈ కంప్యూటర్ ఏది కావాల్నో అడుగుతది అత్తమ్మా. పైది విండోస్, గంజ్ మార్కెట్ల మన దుకాణం బిల్లులకు. కిందిది లినక్స్, నా ఆఫీసు పనికి," అని చూపించింది హేమశ్రీ.

రెండు వేరుగా పెట్టమని వారంగా వెంటబడింది అత్తే. తన ఉద్యోగానికి విలువిచ్చిందనుకుని హేమశ్రీ మురిసిపోయింది.

అత్త వెంకటసుబ్బమ్మ మౌస్ పట్టి పైది తెరిచింది. తెర మీద లక్ష్మీదేవి పటం చూసి కళ్లకద్దుకుంది.

"మంచిగ చేసినవ్ బిడ్డా. ఇగ బయటున్న మూడు దినాలు నీ దాంట్లనే చేస్కో. అమ్మవారున్న దాన్ని ముట్టకు."

వేరుగా పెట్టమన్నది ఇందుకా అని హేమశ్రీకి అప్పుడు తెలిసింది. థూ, ఈ డబ్బాకు కూడా మైలేనా!

"నిన్ననే బయట చేరిన అత్తమ్మా, మీకు చెప్పలే. ఆ పటం గూడ పొద్దుగాల నేనే పెట్టిన."

వెంకటసుబ్బమ్మ చటుక్కున మౌస్ వదిలేసింది.

"పోయి తానం చెయ్యుండ్రి," అంటూ హేమశ్రీ కుర్చీ ముందుకు జరుపుకుంది.