ఎడమ పెడలు

"రెండు వందల ఎనభై వాట్లు. ఇరవై నిమిషాలు. ఒక్క వాట్ తగ్గినా జట్టులో చోటు లేదు," అన్నాడు కోచ్, తెర తనవైపు తిప్పుకుంటూ. తొక్కేవాడికి అంకె కనిపించకూడదని ఆయన రూలు.

సైకిలు కదలకుండా స్టాండుకి బిగించి ఉంది. దాని మీద కూర్చున్న సీనియర్‌కి ముప్పై ఆరేళ్లు. జట్టులో ఖాళీ ఒక్కటే. ఇది చేజారితే ఇక పందేలకు దండం పెట్టి ఇంట్లో కూర్చోవడమే. ఖర్మ కాలి వారం కిందట పడి కుడి మోకాలు వాచింది. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

అయినా అతనికి పెద్ద బెంగ లేదు. బలం కొలిచే మీటరు ఉన్నది ఎడమ పెడల్లో. అది ఎడమ కాలి లెక్క తీసి, కుడి కాలు కూడా అంతే కష్టపడుతోందని నమ్మి, రెట్టింపు చేసి చూపిస్తుంది. పాపం, అమాయకపు యంత్రం. అతను కుడి కాలితో పైపైన తొక్కుతూ, అసలు భారమంతా ఎడమ కాలి మీద వేశాడు.

పదో నిమిషానికి తొడ మండింది. పదిహేనుకి కళ్లు బైర్లు కమ్మాయి. జట్టు మెకానిక్ స్వయానా అతని బావమరిది. మూల నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

టైమైపోయింది. కోచ్ తెరను ఒకసారి, అతన్ని ఒకసారి చూశాడు.

"నూట డెబ్బై రెండు. ఇన్నాళ్లు తొక్కావు, ఇక చాల్లే. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో."

అతను సైకిలు దిగాడు. గోడ పట్టుకుని సామాన్ల గదిలోకి వెళ్లి బెంచీ మీద కూలబడ్డాడు. వెనకే బావమరిది వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎలా తగ్గింది బావా? పొద్దున్నే మీటరు లేని పెడలు ఎడమకి వేసి, మీటరున్నది కుడికి బిగించాను. నీతీ నిజాయితీ అంటావని నీకు చెప్పలేదు."

నిజాయితీ మాటకి అతను తల దించుకున్నాడు. ఎందుకు మార్చావురా అని అడిగాడు.

"నిన్న అక్క ఫోన్లో ఒకటే ఏడుపు. రోజూ మందు రాస్తున్నా నీ ఎడమ మోకాలి వాపు తగ్గట్లేదంది. కుడి కాలైనా నిన్ను గట్టెక్కిస్తుందనుకున్నా."

అతను కుడి మోకాలు నిమురుకున్నాడు.

"మీ అక్క నాకు ఎదురుగా కూర్చుని మందు రాస్తుందిరా," అన్నాడు.