నల్లబిళ్ళలో ఇనుము

మళ్ళీ ఒక్కటే గీత!

ఎక్స్‌రే యంత్రం గీసిచ్చిన కాగితాన్ని కృపమణి బల్ల మీదకు విసిరికొట్టింది. అక్కడ గీత రెండుగా చీలి ఉండాలి. చీలలేదు. ఇది ఐదో బిళ్ళ.

ఇట్రియం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడు బిళ్ళ అది. లోపల పరమాణువులు చిన్నచిన్న గదుల్లా పేర్చుకుంటాయి. ఆక్సిజన్ సరిగ్గా కుదిరితే ప్రతి గదీ ఒకవైపు రవ్వంత పొడుగవుతుంది. అలాంటి బిళ్ళను ద్రవ నైట్రోజన్‌లో ముంచితే కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పారుతుంది. పైన పెట్టిన అయస్కాంతం గాల్లో తేలుతుంది. రాగి ఉండాల్సిన చోట ఇనుము చొరబడిందా, గది చదరంగా మారిపోతుంది. ఇక అది బిళ్ళ కాదు, వట్టి పెంకు.

పరీక్షకు పంపిన బిళ్ళ మీద బెంగళూరు నుంచి వచ్చిన రిపోర్టూ అదే చెప్పింది: ఇనుము.

బళ్ళారిలో ఇనుముకేం కరువు? 2008వ సంవత్సరం. కాలేజీ పక్కనే పగలంతా సండూరు కొండల ఇనపఖనిజం లారీలు. ఆకులెర్రన, గోడలెర్రన, ఆరేసిన బట్టలెర్రన. కృపమణి కిటికీల సందులకు టేపు అంటించింది, తలుపుకు తడిగుడ్డ కట్టింది. అయినా ఇనుము వచ్చింది.

చిత్రమేమిటంటే, అదే ల్యాబులో తోటి పరిశోధకుడు సుదర్శన్ చేసిన బిళ్ళలు భేషుగ్గా తేలుతున్నాయి. వాళ్ళ నాయనకు ముప్పై లారీలు. అతని బూట్లకు ఎప్పుడూ ఎర్రదుమ్మే. వచ్చే శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. ఫెలోషిప్పు ఇద్దరిలో ఒక్కరికే పొడిగిస్తారు. అది పోతే కృపమణి నాలుగేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే.

ఇంకెవరికి అవసరం, తన బిళ్ళలో ఇనుము కలపాల్సిన అవసరం?

గైడు నెట్టికంటప్ప సార్ ఇద్దర్నీ పిలిపించాడు.

"సుమ్నే, ఊరికే అనుమానపడొద్దు కృపమణీ. సాక్ష్యం ఏమన్నా ఉండాదా?"

"ఉండాది సార్. ఉచ్చెంగమ్మను అడగండి."

ఉచ్చెంగమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ ల్యాబు అటెండరు. కృపమణి అంటే ప్రాణం. ఆ పిల్ల తిండి మరిచి నూరుతుంటే జొన్నరొట్టె తుంచి నోట్లో పెడుతుంది. కృపమణి బల్లా, గాజుసామానూ, పొడులు నూరే కల్వమూ ఇంకొకరిని ముట్టనీయదు.

"నిజమే సార్. నిన్న ఈ సుదర్శనప్ప కృపమ్మ బల్ల కాడ నిలబడి కల్వాన్ని ఎత్తి ఎత్తి చూస్తాండె. నా కండ్లతో చూసినా."

సుదర్శన్ మొహం పాలిపోయింది. "ఇనుము యాడనుంచి వస్తాందో కనుక్కుందామని చూసినా సార్. అంతే!"

"నీ కల్వం బీరువాలో పెట్టి తాళమేసుకుంటావే, ఎందుకు?" కృపమణి నిలదీసింది.

"దాన్ని యాసిడ్‌తో నేనే కడుక్కుంటా, ఎవరికీ ఇయ్యను. నిన్నూ అట్లే చేసుకోమని చెప్పలేదా?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుండాది!"

నెట్టికంటప్ప సార్ సుదర్శన్ వైపు చెయ్యి చాచాడు.

"ల్యాబు తాళంచెవి ఇచ్చేయప్పా. కమిటీకి నీ పేరు పంపను."

సుదర్శన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాళంచెవి బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు.

కృపమణికి ఏడాది తర్వాత మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది. ఇట్రియం పొడి ఒక్క బిళ్ళకే మిగిలింది. మళ్ళీ తెప్పించే వ్యవధి లేదు. ప్రార్థన చేసుకుని, ఉన్న పొడులన్నీ తూచి కల్వంలో పోసింది. బండ తిప్పడం మొదలుపెట్టింది. మెత్తగా, నల్లగా కలుస్తున్నాయి. చేతులు కుదుటపడ్డాయి.

ఉచ్చెంగమ్మ వచ్చి ఆమె తల నిమిరింది.

"ఇంక బయం ల్యాకుండా నూరుకో కృపమ్మా, నీళ్ళు తగలనీయొద్దంటివని దినామూ సండూరు కొండ ఎర్రమన్నేసి ఆ కల్వాన్ని తళతళా తోమి, కొంగుతో తుడిచి పెడతాండా కదా!"