నీలి గీత ఒగ్గేసిన మలుపు

ఇప్పుడు కార్లన్నీ వాటంతట అవే నడుస్తున్నాయి కాబట్టి, మనుషులు స్టీరింగ్ పట్టుకునేది పందాల్లోనే. అక్కడ కూడా మలుపులో ఎక్కడ తిప్పాలో అద్దం మీద నీలి గీత చూపిస్తుంది. దాని వెంట పోతూ పోతూ కారు తోలే పిల్లలు కునుకు తీస్తున్నారని, ఇంటి మనిషి ఒకరు బయట తెర ముందు కూర్చుని మైకులో వాళ్ల చెవిలో మాట్లాడుతూ ఉండాలని రూలు పెట్టారు. మా మనవరాలు పైడిరత్నకి ఆ మనిషిని నేనే. చదువు లేకపోయినా నోరుంది కదా!

ఆ రోజు వంకాయ పులుసు సంగతి చెబుతుండగా వాన మొదలైంది. ముందున్న రెండు కార్లు మూడో మలుపులో, గీత మీదే ఉండి కూడా, జర్రున జారి ఇసుకలో పడ్డాయి. పిల్లలకేం కాలేదు గానీ, ఆ మలుపుకి తర్వాత వచ్చేది మా పైడిరత్నే. అరకు ఘాట్‌లో ఇరవై ఏళ్లు జీపు తోలినదాన్ని. తొలివాన పడగానే మొదట జారేది టైర్లు తిరిగి తిరిగి నున్నబడిన దారే; నీలి గీత చూపేదీ ఆ దారినే.

"గీత ఒగ్గెయ్యే పైడీ! అవతల గరుకు నేల మీంచి తిప్పు."

"దూరం ఎక్కువైపోద్దే అమ్మమ్మా, ఓడిపోతాను!"

"ఓడితే ఓడు. ముందు బ్రేకెయ్యి, ఆనక తిప్పు."

"ఇది నీ జీపు కాదే!"

"వాన అదే కదే!"

తిట్టుకుంటూనే కారుని బయటి అంచుకి తీసింది. చక్రాలు నేలని పట్టుకున్నాయి. కారు నిదానంగా మలుపు తిరిగి తిన్నని దారిలోకి వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

"అమ్మమ్మా, ఎనకాలోళ్లందరూ నా దారే పట్టేసారే!" అంది కోపంగా.

"పట్టనీయే," అన్నాను. "ఆళ్ల అమ్మమ్మలు కూడా ఊపిరి పీల్చుకుంటారు."