తాను రాని పొద్దున

...అదీ తాను రాని ఒక్క పొద్దునే! రెండేళ్లుగా చలిలో, మంచులో తాను కాచుకుంటే మొహం చూపనిది, నిన్న తాను జ్వరంతో దుప్పటి ముసుగు పెట్టుకుంటే దావీదురాజుకు కనపడిందట.

నరసింహకు గుండెలో కారం చల్లినట్టుంది. తోకచుక్క మీద అలకేమిటని సిగ్గేసింది గానీ మంట ఆరలేదు. తాతల కాలంలో కనపడి, మళ్ళీ రావలసిన ఏట రాక, తప్పిపోయిందని లోకమంతా వదిలేసిన చుక్క అది. గురుగ్రహం లాగి దారి మళ్ళించి ఉంటుందని, ఇప్పుడు ఆకాశంలో ఏ మూల వస్తుందో లెక్క కట్టింది తాను. దావీదురాజు తాను పాఠాలు చెప్పే బడిలోనే డ్రాయింగు మాస్టరు. కబుర్లకని వెంట వచ్చేవాడు, అంతే.

"ఏమప్పా, నిలబడే నిద్రపోతాండావా? చూడు." దావీదురాజు దుర్భిణి అందించాడు. ఓర్వకల్లు రాతిగుండ్ల మీద ఇద్దరే ఉన్నారు. ఇంకా తెల్లవారలేదు.

"యాడ?"

"ఆ పొడుగు గుండు కొన మీద, మూరెడెత్తున. దూదిపింజ మాదిరి ఉండాది."

చూశాడు. ఉంది. మసక తల, వెనక్కి చెదిరిన పలచని తోక. సరిగ్గా తన లెక్క చెప్పిన చోటే. ఒళ్ళు జల్లుమంది. ఆ వెంటనే, రేపు పత్రికల్లో పడబోయే పేరు కళ్ళ ముందు మెదిలింది. దావీదురాజు!

"ఏమీ లేదు."

"నిన్న కండ్లారా చూసినా కదప్పా!"

"మబ్బుతునక. పెండ్లిచూపులకు పోయి, చెల్లెల్ని చూసి అక్క అనుకుని వచ్చినావు నువ్వు."

దావీదురాజు నవ్వలేదు. "సరిగా చూడప్పా."

"నాకు చూసేది నేర్పిస్తావా?"

"నువ్వు లేదంటే లేనట్టేలే." దుర్భిణి తీసుకుని మెడలో వేసుకుని గుండు మీద కూలబడ్డాడు.

నరసింహకు గొంతులో ఏదో తియ్యగా దిగింది. రేపు ఒక్కడే వస్తాడు. ఒక్కడే చూస్తాడు. తూర్పు ఎర్రబడేదాకా ఆ తీపినే చప్పరిస్తూ నిలబడ్డాడు.

"పద, బడికి పొద్దు పోతాంది."

"ముందు తంతి ఆఫీసుకు పోవాల. కనపడిందని వేధశాలకు నిన్ననే తంతి కొట్టినా. అది తప్పని ఇప్పుడు ఇంకొకటి కొట్టాల."

"నన్ను అడక్కుండానే?"

"నువ్వు జొరంతో ఒళ్ళు తెలీకుండా ఉంటివి. ఈలోపల ఇంకెవరైనా చూసి చెప్తారేమోనని భయపడితి."

"పేరు కోసం అంత ఆత్రమా దావీదూ?"

"ఆత్రమే మరి. రెండేండ్ల కష్టం నీది, చూపొక్కటే నాది. తంతిలో నీ పేరే రాసినా."

నరసింహ దుర్భిణి కోసం చెయ్యి చాపాడు. అప్పటికి తూర్పున చుక్క అన్నది ఒక్కటీ లేదు.